కన్యాశుల్కం ఎదురుచూసిన రంగస్థలం

1892వ సంవత్సరంలో విజయనగరంలో జగన్నాథవిలాసినీ సభవారు ఒక కొత్త తెలుగు నాటకాన్ని ప్రదర్శించారు. నాడు విజయనగరం విశాఖపట్నం జిల్లాలోని పట్టణమే. దాని పేర వేరొక జిల్లా ఏర్పడటం 1979 నాటి మాట. నాటకకర్త కూడా ఈ జిల్లావారే. యలమంచిలి సమీపాన రాయవరంలో పుట్టి, విజయనగరంలో చదివి, ఆనందగజపతి మహారాజు ఆదరణ పొందిన గురజాడ అప్పారావుగారు. నాటకం కన్యాశుల్కం. అందులో దేవతలు లేరు, చక్రవర్తులు లేరు, రాగం తీసి పాడవలసిన సీసపద్యాల వరుసలు లేవు. అగ్రహారపు బ్రాహ్మలు, ఒక వేశ్య, ఒక పూటకూళ్లమ్మ, వకీళ్లు, హెడ్డు కనిస్టీబు, చుట్ట కాలుస్తూ ఇంగ్లీషు దంచే గిరీశం, వీరూ పాత్రలు. వీరు మాట్లాడేది వీధిలోనూ ఇంట్లోనూ వినిపించే తెలుగు.

సరిగా ఆ సంవత్సరాలలోనే పారిస్, బెర్లిన్, లండన్ నగరాలలో నాటకరంగం తలక్రిందులవుతున్నది. ఇబ్సెన్ వ్రాసిన ‘ఘోస్ట్స్’ నాటకం లండనులో మొదటిసారి ప్రదర్శింపబడినది 1891 మార్చి నెలలో. అదీ ఒక్క ఆటే. బహిరంగ ప్రదర్శనకు అనుమతి దొరకదు కనుక సభ్యులకు మాత్రమే చూపించారు. మర్నాడు పత్రికలు దుమ్మెత్తిపోశాయి. కాబట్టి కన్యాశుల్కం ఏదో పాశ్చాత్య నాటకానికి నీడ అని ఎవరైనా అంటే కాలగణనే వారికి సమాధానం చెబుతుంది. లండను నాటకశాలలే ఇంకా జీర్ణించుకోలేకపోతున్న వాస్తవికతను విజయనగరం తనంతట తాను కనుగొన్నది.

అయితే ఒక భేదం ఉన్నది. యూరపులో మాటా, మాట పలికే రంగమూ దాదాపు జమిలిగా మారినవి. మనకు మాట ముందు మారినది. రంగం మారటానికి అర్ధశతాబ్దం పైన పట్టినది. ఆ వ్యవధిలో కన్యాశుల్కం ఆడిన నాటకంగా కంటె చదువుకున్న నాటకంగా ఎక్కువ ప్రసిద్ధి పొందినది. ఆ భేదానికి కారణమేమిటన్నదే ఇక్కడి విచారం.

యూరపులో జరిగిన మార్పు ఒక చిన్న సంస్థానం నుంచి మొదలైనదనటం తప్పు కాదు. జర్మనీలో సాక్స్-మైనింగెన్ అనే సంస్థానానికి 1866లో రెండవ జార్జి ప్రభువైనాడు. ఆయనకు చిత్రలేఖనం తెలుసు, నాటకమంటే ప్రాణం. తన ఆస్థాన నాటకశాలలో ప్రతి దృశ్యానికీ తానే బొమ్మలు గీసి, ఎవరు ఎక్కడ నిలబడాలో, ఏ మెట్టు మీద ఎవరుండాలో ముందే నిర్ణయించేవాడు. క్రోనెక్ అనే నటుడు ఆ నిర్ణయాలను కఠినంగా అమలు జరిపేవాడు. 1874 మే నెలలో ఈ బృందం బెర్లిను వెళ్లి షేక్స్పియరు ‘జూలియస్ సీజర్’ ఆడినది. ప్రేక్షకులు ఆశ్చర్యపోయినది సీజరును చూచి కాదు, ఆంటొనీని చూచి కూడా కాదు, గుంపును చూచి. అంతవరకు రంగం మీద గుంపు అంటే అద్దెకు తెచ్చిన నలుగురు బల్లెములు పట్టుకొని వెనుక నిలబడటం. మైనింగెన్ బృందంలో గుంపును చిన్నచిన్న జట్లుగా విభజించి, ప్రతి జట్టుకూ ఒక అనుభవజ్ఞుడైన నటుణ్ణి పెద్దగా పెట్టారు. ప్రతి మనిషికీ ఒక పని, ఒక చూపు, ఒక కేక. ఈ రోజు నాయకుడు వేసినవాడు రేపు గుంపులో నిలబడాలి. అందుకు ఒప్పుకోనివారికి అక్కడ స్థానం లేదు. అంగీలూ కవచాలూ చివరి రోజున తగిలించుకొనేవి కావు. రిహార్సళ్లలోనే వాటి బరువు ఒంటికి అలవాటు కావాలి. 1890 వరకు ఈ బృందం యూరపు నగరాలెన్నో తిరిగి రెండున్నరవేలకు పైగా ప్రదర్శనలు ఇచ్చినది.

ఈ ప్రదర్శనలను చూచినవారిలో ఇద్దరు మనకు ముఖ్యులు. ఒకడు పారిస్ నగరంలో గ్యాసు కంపెనీ గుమాస్తా, పేరు ఆంద్రె ఆంత్వాన్. 1887లోనే అతడు తోటి ఔత్సాహికులతో ‘స్వేచ్ఛా నాటకశాల’ స్థాపించాడు. మరుసటి సంవత్సరం బ్రసెల్సులో మైనింగెన్‌వారి ఆట చూచి, ఆ గుంపు దృశ్యాలను మెచ్చుకుంటూ, మిగిలిన లోపాలను ఎత్తిచూపుతూ ఒక విమర్శకునికి దీర్ఘమైన ఉత్తరం వ్రాశాడు. గదిని రంగం మీద చూపేటప్పుడు నాలుగు గోడలూ ఉన్నట్లే భావించి అమర్చాలనీ, ప్రేక్షకుల వైపునున్న నాలుగవ గోడను మాత్రం ఆపైన తొలగించాలనీ ఆంత్వాన్ పద్ధతి. నటుడు ప్రేక్షకులకు వీపు చూపవచ్చు. కసాయి దుకాణం దృశ్యమైతే నిజమైన మాంసం వ్రేలాడదీశాడు. అది చూచి నవ్వినవారూ ఉన్నారు, ముక్కు మూసుకున్నవారూ ఉన్నారు. రెండవవాడు మాస్కో వర్తకుని కుమారుడు, స్తానిస్లావ్‌స్కీ. ఆయన కూడా మొదట ఔత్సాహికుడే. క్రోనెక్ చండశాసనాన్ని మొదట అనుకరించి, తరువాత దాని లోపాన్ని గ్రహించాడు. 1897లో నెమిరోవిచ్-దాంచెంకోతో ఒక హోటలులో పదునెనిమిది గంటలు ఏకధాటిగా చర్చించి, మరుసటి సంవత్సరం మాస్కో ఆర్ట్ థియేటరు ప్రారంభించాడు. చెహోవ్ నాటకాలు అక్కడే నిలబడినవి. ఆ ప్రదర్శనలలో కప్పల బెకబెకలూ కీచురాళ్ల రొదా ఎక్కువయ్యాయని నాటకకర్తే విసుక్కునేవాడట. రేడియో నాటకాలు వినేవారికి ఈ సంగతి నవ్వు తెప్పించక మానదు; చప్పుళ్ల మీది మోజు మాకు కొత్తగా పట్టినది కాదన్నమాట.

మరి రెండు పరిణామాలను కూడా చెప్పుకోవాలి. 1876లో బైరాయిట్‌లో వాగ్నర్ తన సంగీతనాటకాల కోసం కట్టించిన శాలలో ప్రేక్షకుల వైపు దీపాలు తగ్గించివేశారు, వాద్యబృందాన్ని కంటికి కనబడకుండా గోతిలో దాచారు. చూపు రంగం మీద తప్ప మరెక్కడా నిలవరాదని ఉద్దేశం. 1881లో లండనులోని సవాయ్ నాటకశాలకు విద్యుద్దీపాలు వచ్చినవి. మసక వెలుతురులో దర్జాగా కనిపించిన రంగుల గుడ్డ, కొత్త వెలుతురులో గుడ్డగానే కనిపించినది. గుడ్డ మీద గీసిన తలుపు అలా వణకకుండా ఉండాలంటే కొయ్య తలుపు పెట్టవలసినదే. వాస్తవికతకు సిద్ధాంతమెంత కారణమో దీపమూ అంతే కారణం.

ఇదంతా కలిపితే ఒక్క మాట వస్తుంది: ప్రయోక్త. నటన, మాట, దుస్తులు, దీపం, సామాను, మౌనం, వీటన్నిటినీ ఒకే భావానికి లొంగదీసే ఒకే మనస్సు. మన ప్రాచీనులు ‘సూత్రధారుడు’ అన్న మాటలో ఈ అర్థాన్నే పెట్టారు. సూత్రాలన్నీ చేతపట్టినవాడు అతడు. కాని పందొమ్మిదవ శతాబ్దం నాటికి మన సూత్రధారుడు నాంది తరువాత నటితో రెండు మాటలు మాట్లాడి లోపలికి పోయే పాత్రగా మాత్రమే మిగిలాడు. పేరు నిలిచినది, పని జారిపోయినది.

ఇక మన రంగస్థలం సంగతి. 1880లో ధార్వాడ నాటక సమాజంవారు రాజమహేంద్రవరం వచ్చి ఆటలాడి వెళ్లారు. వారు వేసిన పాకలోనే కందుకూరి వీరేశలింగంపంతులుగారు విద్యార్థులతో ‘వ్యవహార ధర్మబోధిని’ ఆడించారు. కోర్టులలోని లంచగొండితనాన్నీ ప్లీడర్ల మోసాలనూ బయటపెట్టే ప్రహసనం అది. పాత్రలు తమతమ స్థాయికి తగిన మాటలే మాట్లాడతాయి. కనుక తెలుగులో ఆధునిక ప్రదర్శనకు అంకురార్పణ జరిగిన సంవత్సరంలోనే వాస్తవికతకు కూడా అంకురార్పణ జరిగినదన్నమాట. కాని ఆ పాకలో ధార్వాడవారు వదిలిపోయిన మరొక వారసత్వం దానికంటె బలమైనది: తెరలు. ఒక రాజవీధి తెర, ఒక ఉద్యానవనం తెర, ఒక అడవి తెర, ఒక దర్బారు తెర. ఏ నాటకమైనా ఆ నాలుగైదు తెరల మధ్యనే జరగాలి. ద్రౌపది కొలువైనా, రోషనార కొలువైనా అదే దర్బారు. ఇరుపక్కలా గుడ్డ వింగులు, ముందు వరుసగా దీపాలు, పక్కన హార్మోనియం.

బళ్లారిలో 1886లో సరసవినోదినీ సభ స్థాపించిన ధర్మవరం రామకృష్ణమాచార్యులుగారు ఈ రంగాన్ని ఎంతో ఎత్తుకు తీసుకొనిపోయారు. ఆయన ‘చిత్రనళీయం’, ‘విషాద సారంగధర’ మొదలైనవి అంకవిభాగంలోనూ విషాదాంతంలోనూ కొత్తవి. అక్కడి వారే అయిన కోలాచలం శ్రీనివాసరావుగారు ప్రపంచ నాటక చరిత్రను ఇంగ్లీషులో గ్రంథంగానే వ్రాశారు; పడమటి దేశాల సంగతులు మనవారికి తెలియవని అనటానికి వీలులేదు. తెలిసినా, బళ్లారి పద్ధతిలో పాటా పద్యమూ పెరిగినవే కాని తగ్గలేదు. అది ప్రేక్షకుల కోరిక. ఆ కోరికలో తప్పు పట్టే అధికారం మనకు లేదు. నాటకమంటే వారికి కచేరీ, పురాణం, జాతర కలిసిన ఒక రాత్రి. పద్యం చెవికి ఇంపుగా ఉన్నప్పుడు గుడ్డ తలుపు వణికితే ఎవరికి పట్టింది?

అటువంటి రంగం మీద కన్యాశుల్కం ఎట్లా నిలబడాలి? ఈ ప్రశ్నను కొంత నిదానించి చూడాలి.

ఆ నాటకానికి పునాది పుక్కిటి కథ కాదు, జాబితా. విశాఖపట్నం జిల్లాలో బ్రాహ్మణ కుటుంబాలలో మూడు సంవత్సరాలలో జరిగిన శుల్కవివాహాల పట్టిక ఒకటి మహారాజు తయారుచేయించారు. అందులో 1,034 పెళ్లిళ్లు నమోదయినవి. పెళ్లికూతుళ్లలో 99 మంది వయస్సు అయిదేళ్లు, 44 మందిది నాలుగు, 36 మందిది మూడు, ఆరుగురికి రెండేళ్లు, ముగ్గురికి ఒక్క ఏడు. 1897లో నాటకం అచ్చయినప్పుడు గురజాడవారు తమ ఇంగ్లీషు పీఠికలో ఈ అంకెలను ఉదాహరించారు. ఇంత నిక్కచ్చి లెక్క మీద లేచిన నాటకాన్ని పూలతోట తెర ముందు ఆడితే లెక్క కూడా బొమ్మలాగానే కనబడుతుంది.

మొదటి అంకంలోనే మధురవాణి ఇంటి దృశ్యం ఒకటి ఉన్నది. రామప్పపంతులు లోపల ఉండగా గిరీశం తలుపు తడతాడు. పంతులు మంచం కిందికి దూరుతాడు. అంతలో పూటకూళ్లమ్మ చీపురుకట్టతో వస్తుంది. ఇప్పుడు గిరీశం కూడా ఆ మంచం కిందికే చేరాలి. చీపురు దెబ్బ చివరకు పంతులుకు తగులుతుంది. ఈ దృశ్యంలో మంచం అలంకారం కాదు, పాత్ర. తలుపు పాత్ర. చీపురుకట్ట పాత్ర. మంచం ఎంత ఎత్తు, తలుపు ఎటు వైపు, వెలుతురు ఎంత, కింద ఇద్దరికి చోటు ఉన్నదా, ఇవన్నీ ముందుగా కొలిచి పెట్టకపోతే హాస్యం ఒక్క క్షణం తప్పి నేల పాలవుతుంది. ఆంత్వాన్ నిజమైన తలుపు కోసం, నిజమైన బల్ల కోసం ఎందుకు పట్టుబట్టాడో తెలుసుకోవటానికి పారిస్ పోనక్కరలేదు.

మధురవాణి పేకాట ఘట్టం మరొకటి. నలుగురు చేరి ముక్కలు వేస్తూ, మాటలు అందుకుంటూ, ఒకరి మాట మీద ఒకరు పడుతూ సాగే దృశ్యం. ఇందులో నాయకుడు లేడు. అందరూ ఒకేసారి బతికి ఉండాలి. మాట లేనివాడి మౌనం కూడా ఆటలో భాగం కావాలి. మైనింగెన్ ప్రభువు గుంపుకు నేర్పినది ఇదే. పోలిశెట్టి మాట వేరు, సిద్ధాంతి మాట వేరు, పంతులు మాట వేరు. ఈ యాసలన్నీ సమపాళ్లలో కలిస్తేనే దృశ్యం. విడివిడిగా ఎంత గొప్ప గొంతులైనా ప్రయోజనం లేదు.

1909లో గురజాడవారు నాటకాన్ని ఏడు అంకాలుగా, ఎంతో పెంచి తిరిగి ప్రచురించారు. ఒక్క రాత్రిలో ఆడటానికి వీలులేనంత పెంచారు. ఇది ఆయన రంగస్థలాన్ని మరచిపోవటం వల్ల జరిగినదని కొందరంటారు. నాకు అట్లా తోచదు. ఉన్న రంగం మీద ఆశ వదులుకొని, రాబోయే రంగానికి, అంతవరకు పాఠకుని మనోరంగానికి వ్రాసినట్లు కనబడుతుంది.

పాత్రోచితమైన భాష విషయంలో నెల్లూరు నుంచి వేదం వేంకటరాయశాస్త్రిగారు మరొక దారిన నడిచారు. ఆయన ‘ప్రతాపరుద్రీయం’ కూడా 1897లోనే వచ్చినది. రాజులూ మంత్రులూ గ్రంథభాషలోనే మాట్లాడతారు. చాకలి పేరిగాడు తన మాట తాను మాట్లాడతాడు. ఆ విషయమై పెద్ద వాదోపవాదాలు చెలరేగినవి. విచిత్రమేమంటే, ఆ ఏడు మన పండితులు రంగం మీద చాకలివాడు ఏ భాష మాట్లాడాలని తర్కిస్తుండగా, మాస్కో హోటలులో ఇద్దరు మనుషులు ఆ చాకలివాడి వెనుక గోడ ఎట్లా ఉండాలని తర్కిస్తున్నారు. రెండూ అవసరమైన తర్కాలే. మనది మాట దగ్గర ఆగిపోయినది.

ఆ తరువాత మన రంగం నడిచినది సరిగా వ్యతిరేక దిశలో. తిరుపతి వేంకటకవుల పాండవ నాటకాలూ, చిలకమర్తివారి ‘గయోపాఖ్యానం’, బలిజేపల్లివారి ‘హరిశ్చంద్ర’ ఊరూరా మారుమ్రోగినవి. పద్యనాటకం నటులకు కీర్తి తెచ్చినది. ఆ కీర్తి కాంట్రాక్టు నాటకాన్ని తెచ్చినది. ఒక కాంట్రాక్టరు ఈ ఊరి నుంచి ఒక కృష్ణుణ్ణి, ఆ ఊరి నుంచి ఒక అర్జునుణ్ణి, మరొక ఊరి నుంచి దుర్యోధనుణ్ణి మాట్లాడుకుంటాడు. నటులు సాయంత్రం రైలు దిగుతారు. కలిసి ఒక్క రిహార్సలు లేదు. అందరికీ పద్యాలు కంఠస్థం, అంతే చాలును. ఇద్దరు పేరున్న కృష్ణులు దొరికితే ఇద్దరినీ పిలుస్తారు. ఒక రంగంలో ఒకరు, మరొక రంగంలో మరొకరు. ఒక్క రాత్రి ముగ్గురు కృష్ణులు కనిపించిన సందర్భాలు కూడా ఉన్నవి. ఎవరి కిరీటం వారిదే, ఎవరి పీతాంబరం వారిదే. మొదటి కృష్ణుని పొడవూ రెండవ కృష్ణుని లావూ ప్రేక్షకులకు అభ్యంతరం కాదు. వారు పోల్చి చూచేది గొంతులను. ‘వన్స్ మోర్’ అంటే పద్యం తిరిగి రావలసినదే. మరణించిన పాత్ర కూడా లేచి పాడి మళ్లీ మరణించేదని చెప్పుకునేవారు. మైనింగెన్ ప్రభువు ఒక్క రాత్రి ఆ పందిట్లో కూర్చొని ఉంటే తెల్లవారేసరికి తన బొమ్మల పుస్తకాన్ని కాల్చివేసేవాడు. లేదా, ఎవరు చెప్పగలరు, తానూ ఒక ‘వన్స్ మోర్’ అనేవాడేమో. ఆ పద్యాల రుచి అటువంటిది.

స్త్రీ పాత్రల సమస్య యూరపు సంస్కర్తలకు లేనిది. సురభి కుటుంబాల వంటి వృత్తిబృందాలలో ఆ ఇంటి స్త్రీలే నటించేవారు. చదువుకున్నవారి సమాజాలలో మాత్రం ఆడవేషాలు మగవారివే. స్థానం నరసింహారావుగారి సత్యభామనూ రోషనారనూ చూచినవారు వాస్తవికత పేర ఆయనను నిరాకరించలేరు, అది మహాకళ. కాని ఆ కళ లోకం నుంచి ఎత్తి తెచ్చినది కాదు, లోకానికి మించినది. ఇబ్సెన్ ‘బొమ్మరిల్లు’లో నోరా తలుపు వేసుకొని ఇల్లు విడిచిపోతుంది. ఆ తలుపు చప్పుడు 1879 నుంచి యూరపంతా వినిపించినది. వేషధారి పురుషుడు ఆ తలుపు వేస్తే ఆ చప్పుడులోని ధిక్కారం సగం అయిపోతుంది.

ఈ సంగతిని బాగా గుర్తించినవారు బళ్లారి రాఘవగారు. వృత్తి న్యాయవాదం, ప్రాణం నాటకం. ధర్మవరంవారి మేనల్లుడైనా పాట మీద ఆధారపడక, మాటలోని భావం మీద, ముఖంలోని చలనం మీద నటనను నిలిపినారు. 1928 ప్రాంతంలో ఇంగ్లండు వెళ్లి అక్కడి రంగాన్ని చూచారు, బెర్నార్డ్ షాను కలుసుకున్నారు. కుటుంబస్త్రీలు రంగం మీదికి రావాలని పట్టుబట్టారు. కొమ్మూరి పద్మావతీదేవి, కొప్పరపు సరోజిని వంటివారు ఆయన ప్రోత్సాహంతో నటించారు. తరువాత మద్రాసు ప్రధాన న్యాయమూర్తి అయిన పి. వి. రాజమన్నారుగారు వ్రాసిన ‘తప్పెవరిది’ నాటకాన్ని 1930 ప్రాంతంలో రాఘవగారు ఆడారు. నేటి ఇంట్లో నేటి భార్యాభర్తల కథ; వచనం; పద్యం లేదు. ఇబ్సెన్ గాలి మన రంగం మీదికి నేరుగా వీచినది అప్పుడే అనాలి. కాని రాఘవగారు మహానటులు. ఆయన ఉన్న రంగంలో చూపంతా ఆయన మీదనే ఉండేది. వాస్తవిక నటన వచ్చినది. సమష్టి నటన ఇంకా రాలేదు.

అది రెండు దారుల వచ్చినది. ఒకటి ప్రజానాట్యమండలి. 1943లో ఏర్పడిన ఈ సంస్థకు గరికపాటి రాజారావుగారు ప్రాణం పోశారు. తారలు లేరు, కాంట్రాక్టరు లేడు, దళమే నటుడు. సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావుగార్లు వ్రాసిన ‘ముందడుగు’, ‘మాభూమి’ నాటకాలలో రైతు రైతులాగానే నిలబడ్డాడు, గుంపు గుంపులాగానే కదిలినది. ‘మాభూమి’ మీద ప్రభుత్వం నిషేధం విధించటం దాని శక్తికి సాక్ష్యం. వారి రాజకీయంతో అందరూ ఏకీభవించనక్కరలేదు. ఒకే క్రమశిక్షణ కింద నటించే బృందాన్ని మన పల్లెలకు చూపించినవారు వారే. ఆ తరువాత ఆత్రేయగారి ‘ఎన్.జి.ఓ.’ వంటి నాటకాలు చిన్న ఉద్యోగి ఇంటిని, అందులోని దరిద్రాన్ని రంగం మీద పెట్టగలిగినవంటే ఆ భూమిక ఉండబట్టే.

రెండవ దారి మన వాల్తేరుది. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గ్రంథాలయాధికారిగా ఉన్న అబ్బూరి రామకృష్ణారావుగారు కవి, రంగస్థల రహస్యాలెరిగిన విద్వాంసులు. ‘నటాలి’ అనే సంస్థ పెట్టి, నాటకాన్ని ప్రయోక్త దృష్టితో చూడటం ఇక్కడి యువకులకు నేర్పారు. కన్యాశుల్కాన్ని ఒక పూటలో ఆడదగినట్లు కుదించటానికి పూనుకున్నవారిలో ఆయన ప్రముఖులు. కుదించటమంటే కత్తిరించటం కాదు. నాటకానికి వెన్నెముక ఏదో ప్రయోక్త నిర్ణయించుకోవటం. రిజిస్ట్రారు కూర్మా వేణుగోపాలస్వామిగారు విశ్వవిద్యాలయంలో ప్రయోగశాలవంటి నాటకరంగాన్ని పోషించి, కళాశాలల మధ్య నాటక పోటీలు పెట్టి, ఉత్సాహవంతులను వెదకి తీశారు. పరీక్ష తప్పినా ఫరవాలేదు, రిహార్సలు తప్పకూడదనే విద్యార్థులు వాల్తేరు మెట్టమీద ఒక తరం పాటు కనిపించేవారంటే కొంత అతిశయోక్తి ఉండవచ్చు, పూర్తి అబద్ధం మాత్రం కాదు. నాటకరంగం విశ్వవిద్యాలయంలో పాఠ్యవిషయం కావటానికి బీజం అక్కడే పడినది.

ఆకాశవాణి చేసిన పని కూడా చెప్పుకోవచ్చు, సొంత ఇంటి సంగతి కనుక క్లుప్తంగా. 1948లో విజయవాడ కేంద్రం, 1963లో విశాఖపట్నం కేంద్రం ప్రారంభమయినవి. రేడియో నాటకంలో తెర లేదు, కిరీటం లేదు, ‘వన్స్ మోర్’ లేదు. మైకు ముందు పెద్ద నటుడూ చిన్న నటుడూ ఒకే దూరంలో నిలబడాలి. గట్టిగా గొంతెత్తినవాడు గెలవడు, ఎదుటివాడి మాట వినేవాడు గెలుస్తాడు. విజయవాడ కేంద్రం ప్రసారం చేసిన కన్యాశుల్కాన్ని లక్షలమంది చెవులతో చూచారు. యాభై ఏళ్లుగా పుస్తకంలో చదువుకున్న మాట ఎట్లా పలకాలో ఇళ్లలో వినిపించినది.

విజయనగరంలోనే 1953లో జొన్నలగడ్డ రమణమూర్తిగారు, ఆయన అన్నగారు సోమయాజులుగారు కన్యాశుల్కాన్ని తిరిగి రంగమెక్కించారు. రమణమూర్తిగారు గిరీశం, సోమయాజులుగారు రామప్పపంతులు. ‘శంకరాభరణం’ చిత్రంలో శంకరశాస్త్రిగా దేశమంతటికీ తెలిసిన సోమయాజులుగారు అంతకు పాతికేళ్ల ముందునుంచే ఉత్తరాంధ్రవారికి రామప్పపంతులు. ఒకే ప్రయోక్త చేతిలో, ఒకే కుదింపుతో ఆ నాటకం దశాబ్దాలపాటు ఊరూరా ఆడినది. మంచం కింద దృశ్యానికి మంచం దొరికినది.

ఒక్క సంగతి మిగిలి ఉన్నది. ఈ నాటకంలో కరటకశాస్త్రి మహారాజుగారి నాటక కంపెనీలో విదూషకుడు. అతడు తన శిష్యునికి ఆడపిల్ల వేషం వేసి లుబ్ధావధాన్లుకు అమ్ముతాడు. చివరి అంకంలో మధురవాణి మగవేషం వేసుకొని విశాఖపట్నంలో సౌజన్యారావు పంతులు బసకు వస్తుంది. 1892 నాటి సభలో ఆడవేషాలన్నీ మగవారివే కాబట్టి శిష్యుని మారువేషం తక్కిన ఆడవేషాలలో కలిసిపోయి ఉంటుంది. ఇక మధురవాణి మగవేషం వేసుకోవటమంటే వేషధారి తన సొంత రూపానికి తిరిగి రావటమే. రంగం మీదికి నటి వచ్చిన తరువాత గాని ఆ రెండు మారువేషాలకు అర్థం పూర్తి కాలేదు. సౌజన్యారావు పంతులుకు తెలియనిది ప్రేక్షకునికి తెలుస్తుంది. తలపాగా కింద ఉన్నది ఎవరో, ఆమె ఏమి అడగటానికి వచ్చినదో, ఆ చీకటి గదిలో ఎవరు ఎవరికి తీర్పు చెప్పబోతున్నారో.